మాట పడిపోయినవారి యెడ మన విధి

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



సంస్కృతాంధ్రములు బోధించుచు ముప్పదియైదేండ్లు బడిలో గడపి విశ్రాంతి గైకొన్న నన్ను, ఈ సభలో విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను విద్యను గూర్చియే చెప్పెదను. కాని యది బాలురకు గఱపు విద్య కాదు. పక్షవాతముచేతనో, తలకు తగిలిన దెబ్బచేతనో, మెదడునకు సంబంధించిన మఱియొక వ్యాధిచేతనో మాట పడిపోయి ఆసుపత్రి మంచముపై నున్న పెద్దవారికి మరల మాట నేర్పు విద్య. ఇట్టి విద్య యొకటి కలదని ఏడెనిమిదేండ్ల క్రిందటి వఱకు నేనెఱుగను. ఎఱుగకపోవుటవలన మా యింట జరిగిన యపరాధమును మొదట మీకు విన్నవించుకొందును. తన తప్పు నొప్పుకొనని పంతులు పాఠము చెప్పుట కర్హుడు కాడు గదా!

మా స్వగ్రామము దివిసీమలోనిది. మా యన్నగారు నాకంటె ఎనిమిదేండ్లు పెద్ద. వ్యవసాయము చేయుచు, మా రామాలయపు భజనలో ముందుపాట పాడెడివారు. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చినపుడు ఆయన వీధివీధి తిరిగి, గాలిహోరును మించిన గొంతుకతో పూరిండ్లవారిని కేకవేసి పిలిచి, ఊరిలోని మేడమీదికి చేర్చిరి. ఆ కేక విని బ్రతికినవారు నేటికిని మా యూర నున్నారు. అట్టి గొంతుక 2018వ సంవత్సరమున ఒక తెల్లవారుజామున పడిపోయినది. కుడిచేయి, కుడికాలు చచ్చుబడినవి. నోట మాట లేదు.

దైవానుగ్రహమువలన ప్రాణము దక్కినది. ఇరువది దినము లాసుపత్రిలో నుంచి యింటికి దెచ్చుకొంటిమి. నెల దాటిన పిమ్మట ఒక్క మాట తిరిగి వచ్చినది. ఆ మాట 'అవును'. అన్నము తినెదరా యన్న 'అవును'. ఇక చాలునా యన్న 'అవును'. మేము పొంగిపోతిమి. వైద్యపు ఖర్చులకై కాలువగట్టు పొలము రెండెకరములు విక్రయింతుమా యని కుమారు లడిగిరి. ఆయన 'అవును' అనిరి. బయానా పుచ్చుకొంటిమి. ఆ కాగితముపై సాక్షిగా వ్రాలు చేసినవాడను నేనే. కొనువారు పొలము కొలుచుటకు వచ్చిననాడు ఆయన కఱ్ఱ యూతగా కాలీడ్చుకొనుచు గట్టుమీదికి వచ్చి, కొలతగొలుసున కడ్డముగా నిలిచి, కన్నీరు కార్చుచు 'అవును, అవును, అవును' అని యఱచిరి. పాపము, మతి చలించినదని అందఱు ననుకొనిరి. నేనును అట్లే యనుకొంటిని.

మహాశయులారా! ఆయనకు మతి చలింపలేదు. ఆయన నోటికి మిగిలినది ఆ యొక్క మాటయే. ఆ మాటతోనే యాయన 'వద్దు, వద్దు' అని మొఱపెట్టుకొనుచుండిరి. ఇంటిల్లిపాదిలో నొక్కరికి నది యర్థము కాలేదు.

ఇట్లేల జరుగునో చెప్పెదను. మాట యెట్లు పుట్టునో పాణినీయశిక్షలో నొక క్రమము చెప్పబడినది. బుద్ధి యర్థమును గ్రహించును. చెప్పవలెనను కోరిక మనస్సును గదలించును. అచ్చటినుండి వాయువు కదలి, కంఠతాల్వాదిస్థానములను దాకి వర్ణమై వెలువడును. అనగా మాట యనునది ఒక గొలుసు. అందు ఏ లంకె తెగినను మాట నిలిచిపోవును. ఏ లంకె మెదడులో నెచ్చట నున్నదో వెదకినవారు పందొమ్మిదవ శతాబ్దపు పాశ్చాత్యవైద్యులు. 1861లో పారిసు నగర సమీపమున బిసెత్రు ఆసుపత్రిలో పాల్ బ్రోకా యను వైద్యుడు ఒక రోగిని పరీక్షించెను. ఆ రోగి యిరువదియొక్క యేండ్లుగా నచ్చటనే యుండెను. ఏమడిగినను 'తాన్' అను ధ్వనియే పలుకును. తనతో నన్న మాట మాత్రము గ్రహించి, చేతిసైగలతో బదులు చెప్పును. అతడు మరణించిన పిమ్మట మెదడును చూడగా, ఎడమవైపున ముందరిభాగము చెడియున్నది. ఆ 'తాన్' కథ చదివినపుడు మా యన్నగారి 'అవును' జ్ఞప్తికి వచ్చి నా కన్నులు చెమర్చినవి.

1874లో కార్ల్ వెర్నికె యను జర్మను వైద్యుడు మఱియొక విధమును చూపెను. ఈ రోగులకు మాట ధారాళముగా వచ్చును. కాని యందు అర్థముండదు. ఎదుటివారు చెప్పునదియు సరిగా గ్రహింపలేరు. ఈ రెండు విధములను నేడు అఫేసియా యని వ్యవహరింతురు. మూడవ విధము వేఱు. అందు భాష చెక్కుచెదరదు. నాలుక, పెదవులు, గొంతుకండలు మాత్రము వశము తప్పి పలుకు ముద్దగా వచ్చును. దానిని డిసార్థ్రియా యందురు. చాలమందికి భాషాస్థానము మెదడున ఎడమవైపున నుండును. ఎడమ మెదడు శరీరపు కుడిభాగము నేలును. అందుచేతనే కుడిభాగము పడిపోయినవారికి తఱచుగా మాటయు పడిపోవుచుండును. పక్షవాతము వచ్చినవారిలో సుమారు మూడవవంతు మందికి ఈ అఫేసియా కలుగునని వైద్యులు చెప్పుచున్నారు.

ఇందు పండితులకు మినహాయింపు లేదు. హైదరాబాదు నిమ్సు ఆసుపత్రిలో పక్షవాతమునకు చికిత్స పొందిన 608 మందిని పరిశీలించి, డాక్టరు సువర్ణ అల్లాడిగారును వారి సహచరులును 2016లో ఒక సంగతి ప్రకటించిరి. రెండు, అంతకు మించిన భాషలు తెలిసినవారిలో 40.5 శాతము మందికి వ్యాధి పిమ్మట బుద్ధిశక్తి చక్కగా నిలిచినది. ఒకే భాష తెలిసినవారిలో అట్లు నిలిచినది 19.6 శాతము మందికి మాత్రమే. కాని అఫేసియా మాత్రము ఇరుపక్షముల వారికిని ఇంచుమించు సమానముగనే కలిగినది. బహుభాషాభ్యాసము బుద్ధికి కొంత రక్ష కావచ్చును. నాలుకకు మాత్రము కాదు. అమరకోశము కంఠస్థమైనవానికిని, వ్రేలిముద్ర వేయువానికిని ఈ విషయమున భేదము లేదు.

ఇక చేయవలసినదేమి? మొదటి పని కాలముతో పరుగు. రక్తనాళము మూసికొనిపోయిన వేళ నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని గణించియున్నారు. గడ్డకట్టిన రక్తమును కరగించు మందు, తలకు సి.టి. స్కాను తీసి రక్తస్రావము లేదని తెలిసికొన్న మీదట, వ్యాధి సోకిన నాలుగున్నర గంటలలోపల నీయవలెను. మూతి వంకరపోవుట, చేయి వాలిపోవుట, మాట తడబడుట, వీనిలో నేది కనబడినను వెంటనే 108 కి ఫోను చేయవలెను. మన ప్రాంతమున కొందఱు పావురపు నెత్తురు పూయించుటకును, నాటుమందులకును రోగిని ఊరూర త్రిప్పుదురు. నాగాయలంకనుండియో కోడూరునుండియో బయలుదేరినవాడు దారిలో రెండు గంటలు ఇట్లు గోల్పోయినచో, స్కాను గల ఆసుపత్రి చేరుసరికి ఆ మందునకు గడువు దాటిపోవును. మఱియొక హెచ్చరిక. పక్షవాతము తగిలినవాని నోట కాఫీగాని తులసితీర్థముగాని పోయరాదు. మ్రింగెడు శక్తి చెడియున్న వేళ ఆ నీరు ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా తెచ్చును. మ్రింగుట సరిగా నున్నదో లేదో ఆసుపత్రిలో పరీక్షించిన పిమ్మటనే నోటికి ఆహార మీయవలెను. ఈ పరీక్షయు, మ్రింగుట నేర్పుటయు కూడ వాక్చికిత్సకుల విద్యలోనివే. వారినే స్పీచ్ థెరపిస్టులందురు.

ఇప్పుడు నా రెండవ తప్పు చెప్పెదను. ఆసుపత్రినుండి వచ్చిన క్రొత్తలో నేను అన్నగారికి పలక బలపము కొని తెచ్చితిని. ముప్పదియైదేండ్లు బోధించిన గర్వమున 'అ ఆ'లు దిద్దింప మొదలుపెట్టితిని. తప్పు పలికినపుడెల్ల దిద్దుచు, పదిమాఱులు చెప్పించుచు, వినబడనివానికి వలె గట్టిగా నఱచుచు నుంటిని. నాలుగవనాడు ఆయన ఎడమచేతితో ఆ పలకను అరుగుమీదినుండి విసరివైచిరి. అదియు మతిచాంచల్యమే యని మేము తలచితిమి.

పొలముకడ రభస జరిగిన పిమ్మట ఒక వైద్యుని సలహాపై ఆయనను విజయవాడలో నొక వాక్చికిత్సకురాలికి చూపితిమి. ఆమె మా విద్యార్థినులంత వయస్సుది. 'రాయి నీటిపై తేలునా?' అని యడిగెను. ఆయన 'అవును' అనిరి. 'చెఱకు తియ్యగా నుండునా?' 'అవును'. అంతట నామె రెండు అట్టముక్కలు ముందుంచెను. ఒకదానిపై బొటనవ్రేలు పైకి, మఱియొకదానిపై క్రిందికి చూపు బొమ్మలున్నవి. అవే ప్రశ్న లడిగి అట్టపై చేయి పెట్టుమనెను. పది ప్రశ్నలకు తొమ్మిదింట ఆయన సరియైన అట్టనే తాకిరి. అప్పుడు నేను కాలువగట్టు పొలము మాట యడిగితిని. ఆయన నావంక చూచి, క్రిందికి చూపు బొమ్మపై అఱచేతితో గట్టిగా కొట్టిరి. 'మాస్టరుగారూ! వీరు చదువు మరచినవారు కారు. ఇంట వస్తువులన్నియు భద్రముగా నున్నవి; తలుపు గడియ బిగిసికొన్నది' అని యామె చెప్పెను. మఱునాడే బయానా తిరిగి యిచ్చివేసితిమి.

ఆ గడియ తీయు విధానములు పెక్కు కలవు. వస్తువు చూపి పేరు తోచనిచో మొదటి యక్షర మందింతురు; లేదా 'ఆకాశమున నుదయించువాడు...' అని వాక్యము సగమున విడిచి, తక్కినది రోగిచేత పూర్తి చేయింతురు. బొమ్మలు, సైగలు, వ్రాత, అన్నిటిని కలిపి వాడుదురు. అన్నిటికంటె నన్నాశ్చర్యపరచినది పాట. ఒక్క మాట పలుకలేనివారును వారముల పేర్లు, ఎక్కములు, నిత్యము పఠించు నామములు వరుసగా చెప్పగలుగుట కలదు. పాటలోని మాటలు పాడుటయు కలదు. దీనిని గమనించి 1973లో అమెరికాలోని బోస్టను నగర వైద్యులు రాగయుక్తముగా మాట నేర్పు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. మా యన్నగారు ధనుర్మాసపు భజనలో నలుగురితో కలసి కీర్తన మాటలతో సహా పాడిరి! మంచినీ ళ్లడుగలేనివారు చరణము పూర్తి చేసిరి. చికిత్సకురా లా దారినే పట్టి, 'నీళ్లు కావలె' నను మాటలను ఎడమచేత తాళము వేయించుచు స్వరముపై పలికించెను. పిదప క్రమముగా స్వరమును సడలించి మాటను నిలిపెను.

ఆఱునెలలు దాటిన ఇక ఫలము లేదని మనలో ననువారు కలరు. ఇది సరికాదు. పక్షవాతమువలన మాట పడిపోయి ఆఱునెలలు గడచిన వారికి వారమునకు 10 గంటలకు తగ్గకుండ మూడు వారములు చికిత్స చేసి చూచిన జర్మనీ పరిశోధన 2017లో వెలువడినది. వారి వాడుకమాట మెఱుగుపడినట్లు అందు తేలినది. అందఱికిని పూర్తిగా మాట వచ్చునని నేను చెప్పను; అట్లు చెప్పువారిని నమ్మవలదు. మెదడునకు తగిలిన దెబ్బ చిన్నదో పెద్దదో, ఎచ్చట తగిలినదో, దానినిబట్టి ఫలముండును. కాని అభ్యాసము మానిన వచ్చెడిదియు రాదు.

పక్షవాత మొక్కటియే కాదు. పార్కిన్సను వ్యాధి కలవారి గొంతు నానాటికి సన్నగిల్లి గుసగుసయగును. గట్టిగా పలుకుటకై ప్రత్యేకమైన యభ్యాసము కలదు. ప్రమాదములలో తలకు దెబ్బ తగిలిన యువకులకును ఈ చికిత్స యావశ్యకమే.

చికిత్సకులు వారమునకు ఒకటి రెండు గంటలు చూతురు. తక్కిన కాలమంతయు ఇల్లే బడి. ఆ బడికి పంతుళ్లు మనమే. కావున నేను నేర్చుకొన్న నియమములు విన్నవింతును. రోగి యెదుట నిలిచి, ముఖము చూచి, చిన్న వాక్యములతో నెమ్మదిగా మాటాడుడు. చెవిటివానితో వలె నఱవకుడు. ఒక సమయమున నొక్క ప్రశ్నయే యడుగుడు. బదులునకై ఓపికతో వేచియుండుడు. ఆయన మాట మీరందుకొనకుడు. తప్పు పలికినను భావము తెలిసినచో సంతోషింపుడు. అడుగునపుడు వస్తువును చూపుడు: 'మజ్జిగయా, పాలా?' అని రెండు గిన్నెలు ముందుంచుడు. ఆయన వినుచుండగా ఆయనను గూర్చి యితరులతో, లేనివానిని గూర్చి వలె మాటాడకుడు. 'అవును' అన్నంత మాత్రమున అంగీకారమని తలపకుడు. బొమ్మతోగాని సైగతోగాని మరల నడిగి దృఢపఱచుకొనుడు. పొలము, ధనము, సంతకము వీని విషయమున ఇది మఱింత యావశ్యకము. దివ్యాంగుల హక్కులను గూర్చి 2016లో చేసిన శాసనము అఫేసియావంటి కారణములచే శాశ్వతముగా మాట చెడుటను వైకల్యములలో నొకటిగా గుర్తించినది. ఇతరులతో సమానముగా ఆస్తి కలిగియుండుటకును, తన ధనవ్యవహారములను తాను నడపుకొనుటకును గల హక్కును చెప్పినది. ఈ శాసనము నాడే వెలువడియుండెను. సాక్షి వ్రాలు చేసిన నే నెఱుగను.

ఇక మన సంఘము చేయదగినది. ఈ విద్యకు మైసూరులో అఖిలభారత వాక్శ్రవణసంస్థ 1965లో వెలసినది. ముంబయిలోని ఆలీ యావర్ జంగ్ జాతీయసంస్థకు సికింద్రాబాదున శాఖ కలదు. మన బందరులో ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో ప్రారంభమైనది. కాని చికిత్సకులు నగరములలోనే యెక్కువ. అవనిగడ్డనుండి కాలు చచ్చుబడిన వృద్ధుని వారము వారము విజయవాడకు గొనిపోవుట యెట్టిదో నే నెఱుగుదును. ఒక పూట పోవుట, ఒక పూట వచ్చుట, తోడు మనిషి కూలి, కారు కిరాయి. అరగంట చికిత్సకు దినమంతయు వ్యయము. నాలుగు వారములు తిరిగి మానుకొన్న కుటుంబములు పెక్కు.

కావున మూడు ప్రార్థనలు. మొదటిది: గుడివాడ, బందరు, అవనిగడ్డలలో వారమున కొక్కొక దినము అర్హత గల చికిత్సకు డొకడు వచ్చి కూర్చుండునట్లు సంఘము ప్రయాణవ్యయమును, వేతనమును భరింపవలెను. రిహాబిలిటేషన్ కౌన్సిలువారి పట్టికలో పేరు నమోదైనవారినే పిలువవలెను. రెండవది: సంవత్సరమున కిద్దఱు బీద విద్యార్థులకు, ముఖ్యముగా బాలికలకు, నాలుగేండ్ల వాక్శ్రవణవిద్యకు వేతన మీయవలెను, చదువు ముగిసిన పిమ్మట కొంతకాలము ఈ సీమలోనే పనిచేయునట్లు మాట తీసికొనవలెను. మూడవది: మన సీమ మాటలతో బొమ్మలపుస్తకము నొకదానిని అచ్చువేయింపవలెను. పరదేశపు పుస్తకములలోని మంచుబొమ్మ మనవాని కేల? నాగాయలంక జాలరికి పడవ, వల, తెడ్డు కావలెను. పెడన కలంకారీ పనివానికి అచ్చు, రంగు, బట్ట కావలెను. చిలకలపూడి రోల్డుగోల్డు పనివానికి తన పనిముట్లు కావలెను. గుడివాడ వర్తకునికి బస్తా, తూకము, చిట్టా కావలెను. తనవైన మాటలే నాలుకకు త్వరగా తిరిగి వచ్చును. ఆ పుస్తకము కూర్చు పనికి నే నుచితముగా పూనుకొందును; తప్పొప్పులను చికిత్సకులు దిద్దవలెను.

ఒక్క మనవి. ఈ మూడును మన కులమువారికి మాత్రమే యని తలుపునకు పలక కట్టవలదు. ఉప్పెననాటి రాత్రి మా యన్నగారు కులమడిగి కేక వేయలేదు. దాతలారా! అన్నదానము చేసితిరి, విద్యాదానము చేసితిరి, వసతిగృహములు కట్టించితిరి. ఇప్పుడు వాగ్దానము చేయుడు. ఈ పదమునకు లోకమున నున్న యర్థముతో నేను తృప్తిపడను. వాక్కునే దానము చేయుడని నా కోరిక.

మా యన్నగారి సంగతి చెప్పి ముగించెదను. చికిత్స మొదలిడిన పదునాలుగవ నెలలో నొకనాడు భోజనసమయమున మనుమరాలు రెండవమాఱు మజ్జిగ పోయబోగా, ఆయన విస్తరిపై చేయి యడ్డుపెట్టి 'వద్దు' అనిరి. పిల్ల చేతి చెంబు జాఱిపోయినది. వదినగారు వంటయింటిలోనుండి పరుగెత్తి వచ్చి 'ఏమంటిరి?' అని యడుగగా మరల 'వద్దు' అనిరి. మజ్జిగ వద్దన్నందు కాయింట నంత సంతోషమైన దినము మఱియొకటి లేదు. నేడు ఆయనకు నలువది మాటలవఱకు వచ్చును. కాలువగట్టు పొలము నేటికిని ఆయన పేరనే యున్నది.

ఈ సభకు బయలుదేరుటకు ముందు, మీ కథ నలుగురిలో చెప్పుదునా యని యాయన నడిగితిని. పొలముకడ చేసిన తప్పు మరల చేయరాదని రెండు అట్టలను ముందుంచితిని. ఆయన అట్టలను ప్రక్కకు నెట్టి, నా ముఖము చూచి 'చెప్పు' అనిరి. చెప్పితిని.